ఆటలమ్మ తొక్కని గడప

ఆ ఫాల్గుణంలో బోడివలసలో వేపరొట్ట కట్టని గుమ్మం లేదు. ఆటో దిగి వీధి వెంట నడుస్తూ ఈశ్వరి ఒక్కో ఇంటినీ చూసుకుంటూ వెళ్లింది. ఒక గడపలో పసుపునీళ్లు చల్లి ఉన్నాయి. ఇంకో అరుగు మీద ఆకులో చద్దన్నం, పెరుగు పెట్టి ఉన్నాయి. ఏ ఇంట్లోంచీ తాలింపు వాసన రావడం లేదు. పిల్లలు ఒళ్లంతా పొక్కులతో, వేపాకు పరిచిన నులకమంచాల మీద పడుకుని, గోక్కుంటే అమ్మలు కొడతారని చేతులు నడుం కింద దాచుకుని మూలుగుతున్నారు. వీధి ఈ కొస నుంచి ఆ కొస వరకూ ఆటలమ్మ పోసింది.

ఒక్క అక్క ఇంటి గుమ్మానికే రొట్ట లేదు.

నూకరత్నం చెల్లెల్ని చూసి బియ్యం చేట పక్కన పెట్టి లేచింది. ఆమె ఆ ఊరి ఆశా కార్యకర్త. పురుళ్ల నుంచి పోలియో చుక్కల దాకా అన్నీ ఆమె చేతుల మీదే.

"ఏటే, సెప్పాపెట్టకుండా ఊడిపడ్డావు?"

"పూర్ణ పుట్టినరోజు కదప్పా. నువ్వు మరిసిపోయావేటి?"

"నేను మరవనేదు, అదే మరిసిపోయింది. నిన్న సెప్తే ఇయాల గుర్తుండటం నేదు దానికి."

ఎదురరుగు మీద కూర్చున్న ముసలమ్మ చుట్ట నోట్లోంచి తీసి నవ్వింది. "ఓలి ఈశ్వరీ, ఊరంతా తిరిగినాది గానీ మీ అప్ప గడప తొక్కనేదే అమ్మోరు. సూదులమ్మ ఉన్న ఇల్లు కదేటి, ఆవిడకీ బయ్యమే!"

వీధిలో నలుగురు నవ్వారు. సూదులమ్మ అన్న పేరు నూకరత్నానికి నిరుడు వచ్చింది. ఆ పేరుకి ఆమె ఎప్పుడూ తనే ముందు నవ్వేది. ఇవాళ నవ్వలేదు. చెల్లెల్ని లోపలికి తీసుకుపోయి తలుపు ఓరగా వేసింది.

"నిజం సెప్పే. మా గుంట ఆళ్ల పిల్లల కంచంలోనే తిన్నాది. ఆళ్ల పక్కలోనే తొంగున్నాది. ఊర్లో అందరిళ్లకీ ఎల్లింది అమ్మోరు, దీన్ని సూడనేదు. నా వల్ల ఏటైనా తప్పయినాదా?"

"మంచిదే కదప్పా. ఒంట్లో బలం ఉందన్నమాట."

ఆ మాట అనేసి ఈశ్వరి చెంబు అందుకుంది. నీళ్లు సగం తాగి ఆగిపోయింది.

నిరుడు మే నెలలో ఆ కొండకింద ఊళ్లలో ముప్ఫై ఒక్క మంది పిల్లలకి ఈశ్వరి పనిచేసే ప్రయోగశాల తయారు చేసిన సూది వేశారు. అది కొండజ్వరానికి మాత్రమే. తొలకరితో పాటు వచ్చి, మూడు రోజుల్లో పిల్లల్ని పొట్టన పెట్టుకునే ఆ జ్వరానికి అప్పటిదాకా మందు లేదు. సూది వేద్దామని వస్తే ఊరు ఒప్పుకోలేదు. "ముందు నీ కూతురికెయ్యి, తరవాత మా గుంటల జోలికి రా" అన్నారు. ఆ సూది వెయ్యడానికి తర్ఫీదు పొందిన నూకరత్నం అందరి ముందూ పూర్ణ జబ్బ పట్టుకుని తన చేత్తోనే మొదటి సూది వేసింది. ఆ వానాకాలం ఆ చుట్టుపక్కల నలభై ముగ్గురు పిల్లలు పోయారు. ముప్ఫై ఒక్క మందిలో ఒక్కరికి కూడా ఒళ్లు వెచ్చబడలేదు.

కొండజ్వరానికి వేసిన సూది ఆటలమ్మని ఎందుకు ఆపాలి?

"అప్పా, ఈ ఊళ్లో సూదేసిన మిగతా పిల్లలకో? వాళ్లకి పోసిందా?"

నూకరత్నం వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "ఎనమండుగురు. ఆళ్ల అన్నదమ్ములకీ అప్పసెల్లెళ్లకీ పోసినాది గానీ, సూదేసినోళ్లకి ఒక్కరికీ నేదు."

"మరి నాకెందుకు చెప్పలేదు? నెలనెలా ఫారాలు నింపి పంపుతున్నావు కదా!"

"అందులో ఏటడిగినావు నువ్వు? 'శిశువు ఏదైనా వ్యాధికి గురైనదా' అనడిగినావు. అమ్మోరు వ్యాదేటే? కళ్లు పోతాయి, అలాగనకు. లెంపలేసుకో."

ఈశ్వరి లెంపలు వేసుకోలేదు. ఆ ఫారం తెలుగు రాసింది తనే. ఇంగ్లిషు కాగితం ముందు పెట్టుకుని, బడిలో నేర్చుకున్న మంచి తెలుగులో, ఎవరూ తప్పు పట్టకుండా రాసింది. ఇదే వీధిలో తనకీ ఆరో ఏట ఆటలమ్మ పోసింది. తగ్గాక తలంటి, అమ్మోరికి చల్ది నైవేద్యం పెట్టారు. ఆ రోజుల్లో తనని ఎవరైనా జబ్బు చేసిందా అని అడిగితే తనూ లేదనే చెప్పేది. ఆ సంగతి రాసేటప్పుడు గుర్తు రాలేదు.

పెరట్లో పూర్ణ మొక్కలకి నీళ్లు పోస్తోంది. ఆరేళ్లు నిండిన పిల్ల. చెంబు వంచింది, నీళ్లు పడుతున్నాయి, చెంబు ఖాళీ అయింది. చెయ్యి మాత్రం అలాగే వంగి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. ఈశ్వరి మనసులో పన్నెండు అంకెలు లెక్కపెట్టేదాకా పిల్ల కదల్లేదు. తరవాత ఏమీ జరగనట్టు మళ్లీ కుండలో చెంబు ముంచింది.

"ఇలా ఎన్నాళ్ల నుంచి?"

"సంకురేత్రి ఎల్లిన కాడ్నుంచి. ఏదో ఆలోసించుకుంటాది అనుకున్నాను. నీ పోలికే అని మురిసిపోనాను కూడాను."

* * *

ప్రయోగశాల విశాఖపట్నం అవతల, సముద్రం కనిపించని ఒక గుట్ట వెనక ఉంది. అందులో సగం ఎలుకలకే. నలభై ఏడు తరాల తెల్ల ఎలుకలు ఆ గదుల్లోనే పుట్టి, ఆ గదుల్లోనే పోయాయి. ఈశ్వరి చేరినప్పుడు ముప్ఫై తొమ్మిదో తరం నడుస్తోంది. ఎలుకని తోక మొదట్లో పట్టుకుని ఎత్తాలనీ, చెయ్యి వణికితే కరుస్తుందనీ నేర్చుకున్నది అక్కడే.

సూది వెనక ఆలోచన తేలికైనదే. కొండజ్వరపు వైరస్ కణంలోకి దూరాలంటే ఒక చిన్న ప్రోటీన్‌ని గుప్పిట పట్టుకోవాలి. ఆ ప్రోటీన్‌ని తయారుచేసే జన్యువుని శాశ్వతంగా మూగది చేసేస్తే వైరస్‌కి పట్టు దొరకదు. ఎలుకల్లో చేసి చూశారు. వైరస్ ఎక్కించినా ఎలుకలు గింజలు తింటూ, పిల్లల్ని పెడుతూ, ముసలివై హాయిగా చచ్చాయి. ఆ ప్రోటీన్ లేనందువల్ల వాటికి ఏ లోటూ రాలేదు. మనుషుల్లోనూ అదే జన్యువు, దాదాపు అవే అక్షరాలు.

ఈశ్వరి ఊరి నుంచి వచ్చిన మర్నాడే శీతలపెట్టెలోంచి పిల్లల రక్తం గొట్టాలు బయటికి తీసింది. సూది వేశాక ఆరో నెలలో తీసినవి. ఆ కణాల్ని పళ్లాల్లో పెంచింది. పక్కనే ఎలుక కణాల పళ్లాలు పెట్టింది. రెండింటి మీదా ఒక్కో చుక్క ఇంటర్‌ఫెరాన్ వేసింది. వైరస్ వచ్చిందని ఒక కణం పక్క కణాలకి వేసే కేక లాంటిది ఇంటర్‌ఫెరాన్. కేక వినగానే కణాలన్నీ తలుపులు బిగించుకుంటాయి. ప్రమాదం దాటాక కణంలోనే ఉన్న కళ్లెం లాంటి ఇంకో ప్రోటీన్ ఆ కేకని అణిచేస్తుంది. అణచకపోతే ఒళ్లు తనని తానే కాల్చుకుంటుంది.

మొదటి రోజు రెండు పళ్లాలూ మేలుకున్నాయి. రెండో రోజు ఎలుక కణాలు శాంతించాయి. పిల్లల కణాలు ఇంకా మేలుకునే ఉన్నాయి. ప్రయోగశాల రివాజు ప్రకారం అక్కడితో పళ్లాలు పారేయాలి. ఆమె పారేయలేదు. మూడో రోజు, నాలుగో రోజు, ఆరో రోజు కూడా చూసింది. పూర్ణ కణాలు ఆరు రోజులూ అరుస్తూనే ఉన్నాయి.

ప్రయోగశాల అధిపతి డాక్టర్ జగన్నాథ పట్నాయక్ ఆ పళ్లాల్ని తనే సూక్ష్మదర్శిని కింద పెట్టుకుని చాలాసేపు చూశాడు. పర్లాకిమిడి మనిషి. పదకొండేళ్లు ఈ ఒక్క సూది మీదే గడిపాడు. అది పని చేసిందన్న రోజున పెద్దవాళ్లూ చిన్నవాళ్లూ అనకుండా అందరికీ తనే భోజనాలు వడ్డించాడు.

"మనిషి కణాల్లో ముందే చూశాం కదమ్మా, ఈశ్వరీ."

"చూశాం సార్. రెండు రోజులు చూశాం."

"రెండు రోజులేనా?"

"ఎలుక కణాలు రెండు రోజుల్లో సద్దుమణిగేవి సార్. అందుకని మనిషి కణాలకీ రెండు రోజులే పెట్టాం. రెండో రోజు కొంచెం ఎక్కువగా కనిపిస్తే, మనిషి కణం నిదానమేమోలే అని రాసుకున్నాం. ఆ పుస్తకంలో మీ సంతకం ఉంది, నా సంతకమూ ఉంది."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "కళ్లెం ఏమైంది? దాని జన్యువుని మనం ముట్టుకోలేదే."

"ముట్టుకోలేదు. ఎలుకలో కళ్లెం తనంతట తను నిలబడుతోంది సార్. మనిషిలో నిలబడటం లేదు. పుట్టినది పుట్టినట్టే కరిగిపోతోంది. ఆనపపాదుకి గుంజ కావాల్సినట్టు, దానికి ఇంకో ప్రోటీన్ ఊతం కావాలి. ఆ ఊతం..."

"మనం తీసేసినదే," అన్నాడాయన.

కిటికీ అవతల ఎలుకల గదిలో దీపాలు వాటంతట అవే ఆరిపోయాయి. పన్నెండు గంటలు వెలుగు, పన్నెండు గంటలు చీకటి. ఎలుకలకి అదే పగలూ రాత్రీ.

"అందుకే ఆ పిల్లలకి ఏ జ్వరమూ రావడం లేదు. ఏ వైరస్ వచ్చినా తలుపులు ముందే బిగించి ఉన్నాయి," అంది ఈశ్వరి. "మా పూర్ణ నిలబడ్డ చోటే నిలబడిపోతోంది సార్. స్కాన్ తీయించాలి."

* * *

పట్నంలోని పెద్దాసుపత్రిలో స్కాన్ తీశారు. పూర్ణ మెదడులో, లోతున రెండు పక్కలా, సున్నపు రవ్వలు చల్లినట్టు తెల్లటి చుక్కలున్నాయి. పట్నాయక్ సూది వేసుకున్న మరో ఐదుగురు పిల్లల్ని జీపులో పిలిపించాడు. నలుగురిలో అవే చుక్కలు. ఐదో పిల్లాడికి ఇంకా మొదలవలేదు.

పదకొండు వేల సూదులు అప్పటికే పెట్టెల్లో సిద్ధంగా ఉన్నాయి. మే చివరి వారంలో నూట నలభై ఊళ్లకి వెళ్లాలి. జూన్‌లో వానలు.

"ఆపితే ఈ వానలకి ఎంతమంది పోతారో తెలుసా?" అన్నాడు పట్నాయక్. ఆయన గొంతులో కోపం లేదు. బతిమాలుతున్నట్టుంది.

"తెలుసు సార్. నిరుడు నలభై ముగ్గురు. ఈసారి జ్వరం ఇంకో రెండు మండలాలకి పాకింది."

"వేస్తే ఒక్కరూ పోరు. మూర్ఛలొస్తాయి, సరే. మతిమరుపు వస్తుంది, సరే. దానికి మాత్రలున్నాయి, కేకని కొంత అణచవచ్చు. కానీ చనిపోరు. చనిపోరు కదమ్మా!"

"పదకొండు వేల మందికి రోజూ రెండు పూటలా మాత్రలు. బతికినంత కాలం. ఆ ఊళ్లలో బీపీ మాత్రే మూడో నెల దొరకదు సార్."

ఆయన సూదుల లెక్క ఉన్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇంకొకటి సార్. మీరు వాళ్లని అడిగి వేస్తారా, అడక్కుండా వేస్తారా? అడిగితే, ఏమని అడుగుతాం? ఈసారి నేను ఫారం రాయలేను."

ఆ సాయంత్రం పట్నాయక్ ఎలుకల గదిలోకి వెళ్లి, బోనుల మధ్య స్టూలు వేసుకుని కూర్చున్నాడని పనివాళ్లు చెప్పుకున్నారు. మర్నాడు పొద్దున్నే సూదులు ఆపాలన్న ఉత్తరం ఆయనే రాశాడు. తప్పు జరిగిన తీరు మొదటి పేరాలోనే రాసి, కింద తన పేరొక్కటే పెట్టాడు. ఈశ్వరి ఆ కాగితం తీసుకుని, ఆయన చూస్తుండగా పక్కన తన పేరూ రాసింది.

అక్కకి చెప్పడం దానికంటే కష్టమైంది. ఆసుపత్రి వరండాలో, పూర్ణ బన్ను తింటూ దూరంగా చేపలతొట్టి చూస్తుంటే చెప్పింది. నూకరత్నం అంతా విని తన కుడిచేతి వేళ్లకేసి చూసుకుంది.

"ముప్పయ్యొక్కరికీ ఈ సేత్తోనే ఏసినానే."

"తయారు చేసింది మేమప్పా. నీకేం తెలుసు?"

"నాకు తెల్దు. ఆళ్లకీ తెల్దు. ఆళ్లు నీ మొగం సూసి ఏయించుకున్నారేటి? నా మొగం సూసి ఏయించుకున్నారు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆ తెల్లసుక్కలు కరుగుతాయా?"

"కరగవు. కొత్తవి పడకుండా మాత్రలు ఆపుతాయి. ఆపుతాయని అనుకుంటున్నాం."

"అనుకుంతన్నారు," అంది నూకరత్నం. "సరే. ఆ మాత్రలేవో నాకియ్యి. ముప్పైయిళ్లకీ నేనే ఎల్తాను. నువ్వూ రా. నోరు నాది, తప్పు మనిద్దరిదీని."

ఇంటింటికీ వెళ్లారు. కొందరు తిట్టారు. ఒకాయన నూకరత్నం చేతిలోంచి మాత్రల అట్ట లాక్కుని వీధిలో విసిరికొట్టి, సాయంత్రం మళ్లీ తనే వచ్చి అడిగి తీసుకున్నాడు. ఒకామె మొహం మీదే తలుపు వేసేసింది. ఎదురింటి ముసలమ్మ మాత్రం ఆ రోజు నుంచి సూదులమ్మ అనడం మానేసి, రత్నమ్మా అని పిలవడం మొదలుపెట్టింది. ఆ పిలుపు విన్నప్పుడల్లా నూకరత్నం మొహం తిప్పుకునేది.

* * *

వానలు ఆ ఏడు పది రోజులు ముందే దిగాయి. ఆషాఢంలో గుమ్మడివలస నుంచి కబురొచ్చింది. దాలమ్మ కొడుకు పోయాడు. నాలుగేళ్ల తవిటయ్య. అంతకుముందు ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోతే, వీడైనా దక్కాలని పొరుగింటావిడకి చేటెడు తవుడుకి అమ్మి, మళ్లీ కొనుక్కుని ఆ పేరు పెట్టుకుంది. ఆ కొండకింద ఆ వానాకాలానికి అది పద్దెనిమిదో చావు. మేలో సూదులు వస్తాయని తెలిసి, రెండు మైళ్లు నడిచొచ్చి కొడుకు పేరు ముందుగా రాయించుకుని వెళ్లిన మనిషి దాలమ్మ. ఆ రాసుకున్నది నూకరత్నమే.

ఈశ్వరి సెలవు పెట్టి వచ్చింది. అక్కాచెల్లెళ్లు ఇద్దరూ వెళ్లారు. పూర్ణని ఒంటరిగా వదలడానికి లేదు కాబట్టి వెంట తీసుకెళ్లారు. నిలబడిపోవడం మాత్రలతో తగ్గింది గానీ, అప్పుడప్పుడూ పెద్ద మూర్ఛ వస్తోంది.

దాలమ్మ చూరు కింద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. చూరు నీళ్లు ఆమె పాదాల మీద పడుతున్నా కాళ్లు ముడుచుకోలేదు. వచ్చినవాళ్లని చూసి పీటలు వేయమని ఎవరికీ చెప్పలేదు. వాళ్లు నేల మీదే కూర్చున్నారు.

"నీ సెల్లెలేనా, సూది సేసినావిడ?" అంది నూకరత్నంతో.

"అవునమ్మా, నేనే," అంది ఈశ్వరే.

"ఒక్క మాటడుగుతాను. అటూ ఇటూ తిప్పకుండా సెప్పు. ఆ సూది ఏసుంటే నా గుంటడు బతికుండీవోడా?"

దారిలో ఈశ్వరి చాలా మాటలు సిద్ధం చేసుకుంది. ఖచ్చితంగా చెప్పలేమనీ, ఒంటితత్వాన్ని బట్టి ఉంటుందనీ. అవేవీ నోటికి రాలేదు.

"బతికుండేవాడు."

"సూదులున్నాయా అప్పుడు?"

"ఉన్నాయి. పెట్టెల్లో ఉన్నాయి."

"మరెందుకెయ్యనేదు?"

ఈశ్వరి చెప్పబోయింది. ఎలుకల దగ్గర మొదలుపెట్టాలా, కళ్లెం దగ్గరా అని ఒక్క క్షణం తడబడింది. అంతలో పక్కన ధబ్బుమని చప్పుడైంది. పూర్ణ వెల్లకిలా పడిపోయింది. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి, కళ్లు పైకి తేలిపోయాయి, నోటి పక్క నుంచి నురగ. నూకరత్నం మందు కోసం సంచి లాక్కుంది. జిప్పు ఇరుక్కుపోయి రావడం లేదు.

అందరికంటే ముందు కదిలింది దాలమ్మ. ఒక్క అంగలో వచ్చి, గుమ్మం రాయికి కొట్టుకోబోతున్న పిల్ల తల కింద అరచెయ్యి పెట్టింది. ఒళ్లోకి తీసుకుని పక్కకి ఒత్తిగిలించింది. "ఊరుకోమ్మా, ఊరుకో, ఊరుకో," అంటూ వీపు నిమురుతూ ఉండిపోయింది. చూరు నీళ్లు ఇద్దరి మీదా పడుతున్నాయి. ఈశ్వరి పమిట విప్పి పట్టింది.

కొట్టుకోవడం తగ్గింది. పిల్ల ఊపిరి సద్దుకుంది.

"ఇందుకా?" అంది దాలమ్మ, తల ఎత్తకుండా.

"ఇందుకే," అంది ఈశ్వరి.

"ముప్పైయొక్కరూ ఇలాగేనా?"

"కొందరు. మిగతావాళ్లు కూడా అవుతారేమో తెలీదు."

దాలమ్మ తన కొంగుతో పూర్ణ నోరు తుడిచింది. నుదుటి మీది తడిజుట్టు వెనక్కి తోసింది. పిల్ల మొహాన్ని అటూ ఇటూ తిప్పి, దెబ్బ తగిలిందేమో చూసింది. అంతా అయ్యాక అంది.

"నువ్వు మంచే సేసినావేమో. నాకు సదువు నేదు. నాకు మాత్రం ఇప్పటికీ ఆ సూదే కావాలమ్మా. ఇలాగైనా ఉండీవోడు."

నూకరత్నం నోట్లో కొంగు కుక్కుకుంది. ఈశ్వరి తల దించుకోలేదు. ఆ మాటని అడ్డుకోకూడదని అనుకుంది. పద్దెనిమిది గుమ్మాలున్నాయి. తను వచ్చినవాటిలో ఇది మొదటిది. ప్రతి గుమ్మంలోనూ ఇది వినాలి, విని వెళ్లి, ఆపేసిన ఆ సూదుల పెట్టెల ముందు మళ్లీ కూర్చోవాలి.

పూర్ణ కళ్లు తెరిచింది. పైన వంగి ఉన్న కొత్త మొహాన్ని కొంతసేపు చూసింది.

"ఎవలిల్లిది?"

"మాదేనమ్మా," అంది దాలమ్మ. "తడిసిపోనావు. లెగు, లోనకెల్దాం."

పిల్లని చంకనెత్తుకుని, వెనక ఇద్దరూ వస్తున్నారో లేదో చూడకుండా, తలుపు తీసిపెట్టి లోపలికి వెళ్లింది.